చేదు చివర తీపి

ఆ ఏడాది ఎండలు మార్చిలోనే ముదిరాయి. 2006వ సంవత్సరం. మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే రోడ్డు మీద, ద్రాక్షతోటలు దాటాక, మా బీరు ఫ్యాక్టరీ ఉండేది. నేను అక్కడ ల్యాబ్‌లో కెమిస్టుని. మచ్చబొల్లారంలో కాపురం. మా ఆయన ఫణిభూషణ్ కొంపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. అత్తయ్య పార్వతీదేవి మాతోనే ఉండేవారు.

అత్తయ్యకి నా ఉద్యోగం నచ్చేది కాదు. మానేయమని ఎప్పుడూ అనలేదు గానీ, సాయంత్రం ఇంటికి రాగానే స్నానం చేస్తే తప్ప వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. సామర్లకోట నుంచి చుట్టాలెవరైనా వచ్చి కోడలు ఎక్కడ పనిచేస్తోందని అడిగితే, మందుల కంపెనీ అని చెప్పేవారు. అదేంటత్తయ్యా అంటే, అబద్ధమేముంది, అదీ మందేగా అనేవారు.

మా ఫ్యాక్టరీలో పెద్ద బ్రూవర్ జానకిరామయ్య గారు. బీరు వండటంలో ఆయనే మాకందరికీ గురువు. రిటైరయ్యే ముందు తనకి నచ్చిన బీరు ఒక్కటి చేయాలని ఆయన కోరిక. మేం అమ్మే స్ట్రాంగ్ బీరులో హాప్స్ పేరుకే పడేవి. హాప్స్ అంటే ఎండబెట్టిన ఆకుపచ్చ మొగ్గలు, బీరుకి చేదూ వాసనా వాటివల్లే. ఆయన వాటిని దోసిళ్లతో వేసి, ఇంగ్లండు వాళ్లు ఏల్ అని పిలిచే రకం కాయాలనుకున్నారు. ఓనర్లు ఎలాగో ఒప్పుకుని, వెనక షెడ్డులో వాడకుండా పడున్న చిన్న ట్యాంకు ఆయనకి ఇచ్చారు.

రుచి చూసి మార్కులు వేయడానికి ముగ్గురం. ఆయన, నేను, సెల్లార్‌లో ట్యాంకులు చూసే బాలరాజు. బాలరాజుది గౌడవెల్లి. రోజూ బైకు మీద వచ్చేవాడు. ఫ్యాక్టరీలో రుచి చూడటమే తప్ప బయట చుక్క ముట్టనివాడు. వాళ్ల నాయిన మొగులయ్య తాగి తాగి పోయాడని, అందుకే తనకి భయమని ఒకసారి నాతో చెప్పాడు.

పొద్దున టిఫినుకీ భోజనానికీ మధ్య కూర్చునేవాళ్లం. ఆ రోజుల్లో నేను తలలో పువ్వు పెట్టుకునేదాన్ని కాదు, పౌడరు రాసుకునేదాన్ని కాదు. వాసనలు కలిసిపోతాయి. ముందు రంగు, నురగ చూడాలి. తర్వాత వాసన. తర్వాత ఒక గుక్క. బీరుని నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తే సగమే తెలుస్తుంది. చేదు గొంతు దగ్గర పట్టుకుంటుంది కాబట్టి మింగాలి. మింగాక కాసేపు ఊరుకుని, నోట్లో ఏం మిగిలిందో చూసుకోవాలి. దానికే ఎక్కువ మార్కులు.

మొదటిసారి కాసింది నోట్లో పెట్టుకోలేకపోయాం. బాలరాజు మొహమాటపడకుండా, జరమొచ్చినోనికి పోసే కషాయం లెక్కున్నది సార్ అన్నాడు. జానకిరామయ్య గారు నవ్వి అంతా పారబోయించారు. రెండోది కాస్త నయం. మూడోది ఏప్రిల్ మొదట్లో వచ్చింది.

ఆ మూడోదాని వాసన గ్లాసు ఎత్తకముందే తగిలింది. నారింజ తొక్క విరిచినట్టు, పచ్చిమామిడికాయ ముచ్చిక తుంచినట్టు. రాగి రంగు, చిక్కటి నురగ. గుక్క వేస్తే చేదు నాలుకంతా పరుచుకుని గొంతులో నిలబడింది. దాని వెనక స్ట్రాంగ్ బీరులో ఉన్నట్టే వేడి. అంతా దిగాక, ఎక్కడో లోపల, మెత్తగా, చిన్న తీపి.

బాలరాజు కళ్లు మూసుకుని తాగాడు.

"సార్, గిదీ బీరంటే. ముంగట చేదు కొడ్తాంది, ఆఖర్ల తియ్యగ వోతాంది. తొమ్మిదేస్తున్న" అన్నాడు.

నేనూ తొమ్మిదే వేశాను. జానకిరామయ్య గారు మాత్రం తన మార్కు చెప్పకుండా గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయారు. కాసేపటికి వెనక్కి తిరిగినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

ట్యాంకులో ఉన్నకొద్దీ రుచి మారుతుంది కాబట్టి, సీసాల్లోకి ఎత్తేదాకా రోజూ చూడాలన్నారు. రోజూ చూశాం. రోజురోజుకీ ఆ తీపి కొంచెం పెరుగుతూ వచ్చింది. బీరు పండుతోందని మేం సంతోషించాం. ఆయనకి షుగరు కాబట్టి ఒక్క గుక్కతో ఆపేవారు. నేను సగం గ్లాసు. జాడీలో మిగిలింది పారబోయడానికి మనసొప్పక బాలరాజు తాగేసేవాడు.

ఒక సోమవారం బాలరాజు పనికి రాలేదు. నేనూ జానకిరామయ్య గారూ ఇద్దరమే రుచి చూసి మార్కులు వేసుకున్నాం. అది అయిన కాసేపటికే గేటు నుంచి కబురొచ్చింది, బాలరాజుని మేడ్చల్‌లో నర్సింగ్ హోంలో వేశారని. ఇద్దరం కంపెనీ జీపులో వెళ్లాం.

 బాలరాజు మంచం మీద పడుకుని, పరుగెత్తుకొచ్చిన మనిషిలా ఎగశ్వాస తీస్తున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని పోల్చుకోవడం లేదు. వాళ్లమ్మ సుక్కమ్మ పాదాలు రుద్దుతూ కూర్చుంది. ఆదివారం పొద్దున లేచి తూలుతుంటే, కొడుకూ తండ్రి దారే పట్టాడని ఊళ్లో అన్నారట. ఆమె నా చేయి పట్టుకుంది.

"మావోడు తాగిండంటున్రు అమ్మా. నిన్న పొద్దంత ఇల్లు కదల్లే, ఎక్కడ తాగుతడు? రాత్రి సంది ఒంటికి గూడ వోలేదు."

డాక్టరు దుర్గాబాయి మమ్మల్ని పక్క గదిలోకి పిలిచారు. రక్తం పులిసిపోయినట్టు ఆమ్లం ఎక్కువైందనీ, మూత్రపిండాలు ఆగిపోతున్నాయనీ చెప్పారు. ఇది కల్తీ సారా తాగినవాళ్లలో చూశాను గానీ ఇతను తాగడంటున్నారు, మీ ఫ్యాక్టరీలో ఏం తిన్నాడు, ఏం తాగాడు అని అడిగారు. మా బీరు తప్ప ఏమీ లేదని జానకిరామయ్య గారు చెప్పారు. మేం ముగ్గురం కలిసే తాగుతామని కూడా అన్నారు.

ఆవిడ మమ్మల్నిద్దర్నీ తేరిపార చూశారు.

"మీరు ఆఖరుసారి ఎప్పుడు తాగారు?"

ఇవాళ పొద్దునే అన్నాను. ఆవిడ ఆ మాట టైముతో సహా కాగితం మీద రాసుకున్నారు. ఆ రాసుకోవడంతోనే నాకు భయం మొదలైంది.

ఫ్యాక్టరీకి తిరిగొచ్చి నేరుగా వెనక షెడ్డుకి వెళ్లాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. ట్యాంకు పక్కన మెయింటెనెన్సు లింగం, చల్లదనం తెచ్చే మిషనులోకి నీలం డ్రమ్ము నుంచి ఏదో వంపుతున్నాడు. ట్యాంకు చుట్టూ ఇంకో రేకు తొడుగు ఉంటుంది. ఆ రెండింటి మధ్య గడ్డకట్టని చల్లటి ద్రవం తిరుగుతూ లోపలి బీరుని చల్లబరుస్తుంది. ఏం పోస్తున్నావని అడిగాను.

"కూలెంట్ మేడం. లెవల్ దిగుతనే ఉంది. వారం సంది పోస్తనే ఉన్న. గిది ఎటు వోతాందో సమజైతలేదు. కిందేమో ఒక్క సుక్క కారలే."

నాకు సమజైంది. డ్రమ్ము తిప్పి చూశాను. బీరు ఫ్యాక్టరీల్లో వాడేది వేరు. ఒకవేళ కలిసినా ప్రాణం తీయదు. ఎండలకి అది అయిపోతే కాంట్రాక్టరు చవకలో ఇది తెచ్చి పడేశాడు. చిన్న అక్షరాల్లో, బండ్ల ఇంజన్ల కోసం అని ఉంది. ఇథిలిన్ గ్లైకాల్. కాలేజీలో దాని గురించి చదివిన ఒకే ఒక్క ముక్క అప్పుడు గుర్తొచ్చింది. రంగు ఉండదు, వాసన ఉండదు, తియ్యగా ఉంటుంది.

ట్యాంకుని పట్టుకుని నిలబడిపోయాను. వేళ్లకి ఉక్కు చల్లగా తగులుతోంది. దాన్నే నేను తాగాను. దానికే తొమ్మిది మార్కులు వేశాను.

జానకిరామయ్య గారికి చెబితే ఆయన కుర్చీలో కూలబడి, తన చేతులు చూసుకుంటూ ఉండిపోయారు. మేనేజరు గదికి నేనే వెళ్లాను. అంతా విని ఆయన తలుపు మూశారు. గొంతు పెంచకుండా మాట్లాడారు. ముందు శాంపిల్ సిటీకి పంపుదాం, రిపోర్టు రానీ, ఈలోపు ఆసుపత్రిలో కూలెంటు అన్న మాట ఎత్తొద్దు, ఎండాకాలం, తిన్నదేదో తేడా చేసి ఉంటుంది, బాలరాజు సంగతి కంపెనీ చూసుకుంటుంది అన్నారు. అమ్మా అని పిలిచారు నన్ను. రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగితే, నాలుగైదు రోజుల్లో అన్నారు.

ఆయన గది నుంచి బయటికొచ్చి, బ్యాగు కూడా తీసుకోకుండా గేటు దాటాను. ధైర్యంతో కాదు, భయంతోనే.  వచ్చిన మొదటి షేరింగ్ ఆటో ఎక్కాను. ఎదురుగా కూర్చున్న ముసలావిడ, ఏమైంది బిడ్డా, గట్ల చెమటలు వడుతున్నయి అని అడిగితే మొహం తుడుచుకున్నాను. నడుం కింద కొంచెం నొప్పిగా అనిపించింది. అది నిజం నొప్పో భయం తెచ్చిన నొప్పో తెలియలేదు. మేడ్చల్ వచ్చేదాకా నా ఊపిరి నేనే వింటూ కూర్చున్నాను.

దుర్గాబాయి గారికి డ్రమ్ము మీద చూసిన పేరు చెప్పాను. ఆవిడ లేచి నిలబడి వెంటనే సిటీలోని పెద్దాసుపత్రికి ఫోను చేశారు. బాలరాజుని డయాలసిస్‌కి పంపించడానికి అంబులెన్సు పిలిపించారు. తర్వాత నా వైపు తిరిగి, నన్ను చేర్చుకుంటున్నాననీ, జానకిరామయ్య గారిని కూడా వెంటనే రమ్మనమనీ అన్నారు.

నాకేం లేదు డాక్టర్ గారూ, తలనొప్పి కూడా లేదు అన్నాను. నన్ను నేను నమ్మించుకోవడానికే అన్నాను.

ఆవిడ మంచం అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పారు. ఆ ద్రవం ఒంట్లోకి వెళ్లగానే విషం కాదట. లివరు దాన్ని విరగ్గొట్టినప్పుడు విషం అవుతుందట. బీరులోనో విస్కీలోనో ఉండే సారా కూడా ఒంట్లో ఉంటే లివరు ముందు సారా పని పడుతుంది, దీన్ని వదిలేస్తుంది. అది అలాగే మూత్రంలో పోతుంది. రోజూ తాగిన బీరే ఇన్నాళ్లూ బాలరాజుని కొంత కాపాడింది. ఆదివారం సెలవని తాగలేదు. ఆ రోజే పడిపోయాడు.

"నువ్వు పొద్దున తాగిన బీరు మత్తు దిగేలోపు నీకు మళ్లీ సారా పట్టించాలమ్మా. దీనికి వేరే ఇంజక్షన్ ఉంది, మన దగ్గర దొరకదు. విస్కీ తెప్పించు. నీ దగ్గర ఎవరున్నారు?"

ఎవరూ లేరు. ఫణి ఇంటర్ పేపర్లు దిద్దడానికి వరంగల్ వెళ్లాడు. ఉన్నది అత్తయ్య ఒక్కరే.

ఫోను చేస్తే అత్తయ్య ఆటోలో వచ్చారు. ఇంట్లో కట్టుకునే నేత చీరలోనే, పొయ్యి కట్టేసి వచ్చినట్టున్నారు. డాక్టరు గారు చెప్పిందంతా నిలబడే విన్నారు.  అంతా అయ్యాక, ఎక్కడ దొరుకుతుంది అని మాత్రం అడిగారు. బస్టాండు పక్కన వైన్ షాపుందని నర్సు చెప్పింది. నేను పంపిస్తాను, ఎవరైనా మగవాళ్లని అని డాక్టరు గారు అంటుండగానే అత్తయ్య పైట భుజాన కప్పుకుని బయటికి వెళ్లిపోయారు.

అక్కడ జరిగింది చాలా రోజుల తర్వాత చెప్పారు. మధ్యాహ్నపు ఎండలో, ఇనప కటకటాల ముందు పదిమంది మగవాళ్లు. ఆవిడని చూసి జరిగి దారి ఇచ్చారట. ఏం కావాలని షాపువాడు అడిగితే ఆవిడకి పేర్లు తెలియవు. మా కోడలికి, ప్రాణం మీదికొచ్చింది, విస్కీ ఇమ్మన్నారు డాక్టరు గారు అని చెప్పారట. వరసలో ఉన్నవాళ్లలో ఒకతను సీసా ఎంచి ఇచ్చి, కాగితంలో చుట్టి, అమ్మా ఇగ పో జల్దీ అని ఆటో ఎక్కించాడట.

డాక్టరు గారు నీళ్లు కలిపి, ఎంత పట్టించాలో గ్లాసు మీద గీత పెట్టి చూపించారు. గంట గంటకీ పట్టించాలి. కక్కితే మళ్లీ పట్టించాలి. నర్సు గ్లాసు అందుకోబోతే అత్తయ్య ఇవ్వలేదు. నా తల కింద చేయి పెట్టి లేపారు. సీసా మూత తీసినప్పుడే ఆ వాసనకి ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు. గ్లాసు మాత్రం నా పెదాలకి ఆనించారు.

"మందే. మింగు."

మింగాను. గొంతు మండింది. ఇన్నేళ్లు గ్లాసు ఎత్తి వాసన చూసి మార్కులు వేసినదాన్ని, ఏ రుచీ తెలియకుండా మింగాను. ఆవిడ తన పైట చెంగుతో నా మూతి తుడిచారు.

ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. మత్తులో ఫ్యాను తిరగడం చూస్తూ పడుకునేదాన్ని. ఉన్నట్టుండి ఊపిరి వేగంగా వస్తోందేమో అనిపించి లేచి కూర్చునేదాన్ని. బాత్రూంకి వెళ్లినప్పుడల్లా, ఈసారి రాకపోతే, అని గోడ పట్టుకుని నిలబడేదాన్ని. అత్తయ్య తలుపు అవతలే నిలబడి, వచ్చిందా అని అడిగేవారు. వచ్చిందంటే ఆవిడ ఊపిరి వదలడం నాకు వినిపించేది. పక్క గదిలో జానకిరామయ్య గారికి కూడా అదే వైద్యం. తాగుతూ ఏడ్చేవారని నర్సు చెప్పింది. ఫణి మర్నాడు పొద్దున వచ్చి, నా మొహం చూసి బెంబేలెత్తిపోతే, నువ్వు బయట కూర్చో నాయనా అని అత్తయ్య పంపించేశారు.

రక్తంలో ఆమ్లం కొద్దిగా పెరిగి, ఆగి, దిగింది. నేను బతికాను. జానకిరామయ్య గారికీ ఏమీ కాలేదు. డాక్టరు గారు పోలీసులకి తెలియజేశారు. అధికారులు వచ్చి ట్యాంకు ఖాళీ చేయించి చూస్తే, లోపలి అతుకు దగ్గర సూది మొన దూరేంత చిల్లు దొరికింది. ఆ వారాంతానికి సీసాల్లోకి ఎత్తాలనుకున్న బీరు అది. ఎన్ని ఇళ్లకి పోయేదో. ఫ్యాక్టరీకి తాళం పడింది.

ఇంటికొచ్చాక నాకు కొత్త భయం పట్టుకుంది. తియ్యగా ఉన్నదేదీ గొంతు దిగేది కాదు. పాలల్లో పంచదార, మామిడిపండు, చివరికి బెల్లం వేసిన పప్పుపులుసు కూడా. నోట్లో పెట్టుకోగానే ఆ బీరు చివర్న తగిలిన మెత్తటి తీపి గుర్తొచ్చి కక్కేదాన్ని. తర్వాత్తర్వాత ఏది చూసినా అంతే. నీళ్ల గ్లాసు వాసన చూసి పక్కన పెట్టేసేదాన్ని. ఫణి డాక్టరుకి చూపిద్దామన్నాడు, కోప్పడ్డాడు, బతిమాలాడు. అత్తయ్య మాత్రం నా కంచం ముందు కూర్చుని, ప్రతిదీ ఒక ముద్ద తను తిని, తర్వాత నా వైపు జరపడం మొదలుపెట్టారు. కోడలి కంచంలో చేయి పెట్టడమేమిటని చూసినవాళ్లు అనుకునేవారు. ఆవిడ పట్టించుకోలేదు.

బాలరాజు పెద్దాసుపత్రిలోనే ఉన్నాడు. స్పృహ వచ్చింది గానీ మూత్రపిండాలు పని మొదలుపెట్టలేదు. రోజు విడిచి రోజు మిషను మీద రక్తం కడిగేవారు. జానకిరామయ్య గారు అల్వాల్ నుంచి రెండు బస్సులు మారి రోజూ అక్కడికి వెళ్లి వరండాలో కూర్చునేవారు. నేను ఒక్కసారి వెళ్లాను. మంచం దాకా నడవలేక తలుపు దగ్గరే ఆగిపోయాను. వాడి కాళ్లు వాచి, మొహం ఉబ్బి, నిద్రపోతున్నాడు. నేను రోజూ సగం గ్లాసు దగ్గర ఆపాను, వాడు జాడీ ఖాళీ చేశాడు. మా ఇద్దరికీ తేడా అంతే. ఆ తర్వాత ఇంట్లో ఫోను మోగితే చాలు, బాలరాజు కబురేమోనని పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని.

మే నెల ఆఖర్లో ఒక పొద్దున అలాగే ఫోను మోగింది. నేను తీయలేదు. అత్తయ్య తీశారు. అవతల సుక్కమ్మ గొంతు నాకూ వినబడుతోంది, అంత గట్టిగా మాట్లాడుతోంది.

"అమ్మా, మావోనికి ఒంటికొచ్చింది. నిన్న జరంత, గియ్యాల డబ్బా నిండ వోసిండు."

అత్తయ్య అవునా, అవునా అంటూనే ఉన్నారు. ఫోను పెట్టేసి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆసుపత్రిలో నా దగ్గర ఉన్నన్ని రోజులూ ఆవిడ కంట్లో తడి చూడలేదు నేను.

తొలకరి పడ్డాక బాలరాజుని ఇంటికి తెచ్చారు. నేనూ అత్తయ్యా గౌడవెల్లి వెళ్లాం. రైలు పట్టాలు దాటి, బురద తొక్కుకుంటూ వాళ్లింటికి చేరాం. బాలరాజు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. సగమైపోయాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పక్కనే అరుగు మీద కూర్చున్నాను. వాడే ముందు, మంచిగున్నరా మేడం అని అడిగాడు. ఉన్నానన్నాను. డ్రమ్ములోదాని పేరు నేను చెప్పకపోతే తను లేనట్టేనని డాక్టర్లు చెప్పారని అన్నాడు. కేసు వదిలేయమని చెప్పడానికి మేనేజరు మనుషులు వచ్చారనీ, సుక్కమ్మ వాళ్లని గడపలోకి రానియ్యలేదనీ కూడా చెప్పాడు.

సుక్కమ్మ లోపల నుంచి స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. పైన మీగడ కట్టి ఉంది. ఆమె కొంగుతో గ్లాసు పట్టుకుని నాకు అందించింది. తీసుకున్నాను. వేడి వేళ్లకి తగులుతోంది. చక్కెర బాగా వేసిన వాసన. ఆమె నా మొహంలోకే చూస్తోంది. వాళ్లింట్లో తాగనని అనుకుంటుందేమో. అది కాదని ఎలా చెప్పాలో తెలియక, గ్లాసు పైకి ఎత్తలేక, అలాగే పట్టుకుని కూర్చున్నాను.

అత్తయ్య నా చేతిలోంచి ఆ గ్లాసు తీసుకున్నారు. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. ఒక గుక్క తాగారు. మింగి, కాసేపు ఊరుకున్నారు. గౌడవెల్లి వానకి తడిసిన వాకిట్లో అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు.

"బాగుంది. యాలకులు కూడా వేసింది" అని గ్లాసు తిరిగి నా చేతిలో పెట్టారు.

నేను తాగాను.